నొప్పితో మతిమరుపు: పుస్తకమా, ఫోనా, మందుల డబ్బానా, మనిషి తోడా?

వెనకటికి ఏదైనా మర్చిపోకూడదనుకుంటే కొంగుకు ముడి వేసుకునేవారు. ముడి చేతికి తగలగానే "ఏదో ఉంది" అని గుర్తొస్తుంది. ఆ ఏదో ఏమిటో మాత్రం ముడి చెప్పదు. నడుం నొప్పి, కీళ్లవాతం, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, మెడ నరాల నొప్పి, షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలు... ఇలా మూడు నెలలు దాటి నొప్పితో బతుకుతున్నవాళ్లు జ్ఞాపకానికి ఏ సాయం వెతుక్కున్నా ఈ ముడిని గుర్తుపెట్టుకోవాలి. ఎంచుకున్న సాధనం సమయానికి మిమ్మల్ని పిలవాలి. పిలిచాక ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. చాలా సాధనాలు ఈ రెంటిలో ఒకటే చేస్తాయి, అందుకే వారానికే మూలన పడతాయి.

నొప్పిలో జరిగేది చాలాసార్లు మర్చిపోవడం కాదు, విషయం అసలు లోపలికి ఎక్కకపోవడం. నొప్పి శరీరం కొట్టే గంట, దాన్ని వినకుండా ఉండటం మెదడుకు చేతకాదు. ధ్యాసలో ఒక వాటా ఎప్పుడూ అటే పోతుంది. మాత్ర మింగేటప్పుడు మనసు మోకాలి మీద ఉంటే, మింగిన సంగతి ఎక్కడా నమోదు కాదు. గంట తర్వాత ఎంత ఆలోచించినా దొరకదు, దాచనిది ఎలా దొరుకుతుంది? దీనికి తోడు నొప్పి నిద్ర చెడగొడుతుంది, పగలు నేర్చినది స్థిరపడాల్సింది ఆ నిద్రలోనే. కాబట్టి "నా బుర్ర పాడైపోతోంది" అని బెంగపడే ముందు, ఏ చోట జారుతోందో చూసుకోవడం మేలు.

సాధనం కొనే ముందు మందుల చీటీ తీయండి

కొందరికి మందకొడితనం నొప్పి వల్ల కాదు, నొప్పికి వాడే మందు వల్ల వస్తుంది. అలాంటప్పుడు ఎంత మంచి డైరీ అయినా ఉపయోగం తక్కువ. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మగత తెస్తాయి. ఇవి మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి కాబట్టి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగినవాళ్లలో అదే మోతాదు ఎక్కువైపోతుంది. అమిట్రిప్టిలిన్ నోరు ఎండబెడుతుంది, మలబద్ధకం చేస్తుంది, పెద్ద వయసువాళ్లలో జ్ఞాపకాన్ని కూడా మందగింపజేస్తుంది. ట్రమడాల్, నిద్రకు వాడే క్లోనజిపామ్, అల్ప్రజోలమ్ కూడా ఈ జాబితాలోవే. జలుబుకని చీటీ లేకుండా తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమైన్ మాత్రను ఎవరూ లెక్కలో వేసుకోరు. అది పైవాటితో కలిస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా తల బరువుగానే ఉంటుంది.

వీటిని మీ అంతట మీరు ఆపకండి. ప్రీగాబలిన్, క్లోనజిపామ్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ను రెండు ప్రశ్నలు అడగండి: మోతాదు తగ్గించవచ్చా, వేసుకునే వేళ మార్చవచ్చా? రాత్రి పదింటికి వేసుకునే అమిట్రిప్టిలిన్‌ను ఏడు ఎనిమిదింటికి జరిపితే పొద్దుటి మత్తు తగ్గేవాళ్లు చాలామంది ఉంటారు.

అలాగే థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్, సోడియం పరీక్షల గురించి అడగండి. మెట్‌ఫార్మిన్ లేదా ఎసిడిటీకి ఇచ్చే ప్యాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, మాంసం, గుడ్లు, పాలు పెద్దగా తీసుకోనివాళ్లకు బి12 పడిపోవచ్చు. అది పడిపోతే మతిమరుపుతో పాటు అరికాళ్ల మంటలు కూడా రావచ్చు, అంటే నొప్పికీ మరుపుకీ మూలం ఒకటే కావచ్చు. గట్టిగా గురక పెట్టి, ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచేవాళ్లు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, దిగులుగా ఉంటే అది కూడా ధ్యాసను తినేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

గందరగోళం హఠాత్తుగా మొదలైనా, మాట ముద్దగా వచ్చినా, మూతి పక్కకు పోయినా, చేయో కాలో పడిపోయినా ఏ సాధనం గురించీ ఆలోచించకండి, 108కి ఫోన్ చెయ్యండి. తెలిసిన వీధిలో దారి తప్పడం, రోజూ వాడే వస్తువు ఎందుకో తెలియకపోవడం కూడా నొప్పి ఖాతాలో వేయకూడదు. న్యూరాలజిస్టుకు చూపించాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మా లెక్కలో మొదటి ప్రశ్న ఇదే: నొప్పి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రోజున ఇది పనిచేస్తుందా? ఓపిక ఉన్న రోజున ఏ పద్ధతైనా బాగానే ఉంటుంది. మంచం దిగలేని రోజున పది మెట్లున్న పద్ధతి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. రెండోది, అది మిమ్మల్ని పిలుస్తుందా, లేక మీరే గుర్తుపెట్టుకుని దాని దగ్గరికి వెళ్లాలా? మూడోది, చేతివేళ్లకు, మెడకు, కళ్లకు అదెంత భారం? నాలుగోది, అది ఒకరోజు విఫలమైతే నష్టమెంత? పాలవాడి లెక్క తప్పితే పది రూపాయలు, మందు లెక్క తప్పితే ఆసుపత్రి. ఐదోది ఎవరికి కనబడుతుందన్నది. గోడ మీద రాసింది ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చదువుతారు.

| సాధనం | తనే పిలుస్తుందా | ఏం చెయ్యాలో చెబుతుందా | శరీరానికి భారం | ఎక్కడ తప్పుతుంది |
|---|---|---|---|---|
| జేబు పుస్తకం | లేదు | బాగా | వేళ్లకు | రాసి, చూడకపోవడం |
| గోడ క్యాలెండర్ | లేదు, కానీ కంటపడుతుంది | ఒక్క ముక్కలో | తక్కువ | ఇల్లు దాటితే లేదు |
| ఫోన్ అలారం | అవును | పేరు పెడితేనే | మెడకు, బొటనవేలికి | మోగగానే ఆపి మర్చిపోవడం |
| మందుల డబ్బా | లేదు | అవును, వేసుకున్నదీ లేనిదీ కూడా | మూతలు తీయడం | నింపేటప్పుడు పొరపాటు |
| మనిషి తోడు | అవును | అవును | లేదు | చిరాకులు, అలసట |

జేబు పుస్తకం

రోజంతా నడుస్తూ, నలుగురితో మాట్లాడుతూ ఉండేవాళ్లకు ఇదే మొదటి ఎంపిక. ఛార్జింగ్ అక్కర్లేదు, పైగా చేత్తో రాసేటప్పుడు ధ్యాస ఒక్క క్షణం ఆ విషయం మీద నిలుస్తుంది. నొప్పి లాక్కుపోయింది ఆ క్షణాన్నే.

అరచేతిలో పట్టే స్పైరల్ పుస్తకం తీసుకోండి. అది బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది, రెండో చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు. బాల్‌పెన్ కంటే జెల్ పెన్ తక్కువ ఒత్తిడితో రాస్తుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లు పెన్ను చుట్టూ రబ్బరు బ్యాండో స్పాంజి గొట్టమో చుట్టి లావు చేసుకుంటే పట్టు తేలికవుతుంది. పెన్నును పుస్తకానికే దారంతో కట్టెయ్యండి.

రోజుకొక పేజీ. పైన తేదీ, వారం. దాని కింద ఆ రోజు తప్పక చెయ్యాల్సినవి మూడు, నాలుగోది వద్దు. మిగతా పేజీలో వినబడినవీ తోచినవీ రాయండి. అడుగున పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నొప్పి ఎంతుందో పదికి ఒక అంకె.

ఈ పద్ధతి చెడేది రెండు చోట్ల. ఒకటి, పుస్తకం ఉండగానే కరెంటు బిల్లు వెనక, మందుల కవరు మీద రాయడం. అప్పుడు చీటీలు వెతకడమే ఇంకో పనవుతుంది. ఒకే పుస్తకం అనే నియమం దగ్గర మాత్రం పట్టుదలగా ఉండండి. రెండోది, రాసి తెరవకపోవడం. పుస్తకం పిలవదు కాబట్టి, రోజూ తప్పకుండా జరిగే పనికి దాన్ని కట్టాలి: పొద్దుటి కాఫీ గ్లాసు పక్కన ఒకసారి, మధ్యాహ్నం భోజనం కంచం ఎత్తాక ఒకసారి, పడకగది లైటు తీసే ముందు ఒకసారి. "పదకొండింటికి చూస్తాను" అనుకుంటే కుదరదు. గడియారాన్ని గమనించడం కూడా ధ్యాస పనే, అదే మన దగ్గర కరువు.

గోడ క్యాలెండర్

తెలుగిళ్లలో తిథుల క్యాలెండర్ మీద పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. కొత్త అలవాటు చెయ్యనక్కర్లేకపోవడమే దీని గొప్ప బలం. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు, ఫిజియోథెరపీ రోజులు, మందులు అయిపోయే తేదీ ఇందులో రాయండి. ముప్పై మాత్రలు తెచ్చిన రోజే ఇరవై నాలుగో రోజు మీద గుండ్రం చుట్టి "మందులు" అని రాస్తే వారం వ్యవధి దొరుకుతుంది. ట్రమడాల్ లాంటివి తాజా చీటీ లేకుండా దుకాణంలో ఇవ్వరు కాబట్టి ఆ వారం అవసరమే. అంతకు మించి దీని మీద బరువు పెట్టకండి.

ఫోన్

పిలవడంలో దీన్ని మించింది లేదు. కానీ యాప్‌ల కంటే ఫోన్‌తో వచ్చిన గడియారంలోని అలారమే నమ్మకమైనది. బ్యాటరీ ఆదా చెయ్యడానికి చాలా ఫోన్లు వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి, దాంతో రిమైండర్ చప్పుడు లేకుండా పోతుంది.

అలారం పెట్టినప్పుడు దానికి పేరు పెట్టడం మర్చిపోవద్దు. పేరు లేని అలారం అచ్చంగా కొంగుముడే. "మందు" అని కూడా సరిపోదు. "భోజనం చేశాక డబ్బాలో మధ్యాహ్నం గది" అని రాయండి. టైపు చెయ్యడం కష్టమైతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులోనే చెప్పవచ్చు. రోజుకు నాలుగైదు అలారాలు దాటితే చెవి వాటిని వినడం మానేస్తుంది.

ఒక్క నియమం: పని పూర్తయ్యాకే అలారం ఆపాలి. ఇప్పుడే కుదరకపోతే పది నిమిషాలు వాయిదా నొక్కండి, ఆపెయ్యకండి. "లేచి వేసుకుంటాలే" అని ఆపిన అలారాల వల్లే చాలా మోతాదులు తప్పిపోతాయి.

ఫోన్ కెమెరా కూడా మంచి సాక్షి. ఊరెళ్లేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్, తాళం వేసిన తలుపు ఫొటో తీసుకుంటే బస్సులో కూర్చుని దిగులు పడనక్కర్లేదు. ఫొటో మీద సమయం ఉంటుంది. వాట్సాప్‌లో మీకు మీరే వాయిస్ మెసేజ్ పంపుకోవచ్చు. నడుస్తుండగా తట్టిన విషయానికి ఇదే సులువు, అయితే రాత్రి విని పుస్తకంలోకి ఎక్కించాలి. లేకపోతే అదీ చీటీల గుట్టే.

మెడ నొప్పివాళ్లు ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని చూడటం తగ్గించాలి. వాళ్లకు ఫోన్ మోగడానికి, పుస్తకం చదవడానికి అని పని పంచడం మేలు.

మందుల డబ్బా

ఒక్కటే కొనగలిగితే ఇది కొనండి. మిగతావన్నీ "చెయ్యి" అని చెబుతాయి, "చేశావు" అని చెప్పేది ఇదొక్కటే. లోపలికి ఎక్కని సంగతిని మీ బదులు డబ్బా దాస్తుంది. ఏడు రోజులు, రోజుకు నాలుగు గదులు ఉన్నది తీసుకోండి. కొనే ముందు మూత తీసి చూడాలి, కొన్నిటికి గోరుతో లాగాల్సినంత బిగువు ఉంటుంది. వేళ్లు వంకర్లు పోయినవాళ్లకు బొటనవేలితో నొక్కితే తెరుచుకునే రకం కావాలి.

వారంలో ఒకే రోజు, నొప్పి తక్కువుండే వేళ, టీవీ కట్టేసి, చీటీ ముందు పెట్టుకుని నింపండి. ఒక మందు పట్టీ తీసి ఏడు రోజులకూ వేశాకే రెండోది తీయాలి. రోజు లెక్కన నింపితే పొరపాట్లు ఎక్కువవుతాయి. పొయ్యి పక్కన, ఫ్రిజ్ మీద పెట్టకండి, వేడికీ చెమ్మకూ మాత్రలు పాడవుతాయి. పిల్లలకు అందకూడదు. రక్తం పలచబరిచే డాబిగాట్రాన్, ఫిట్స్ మందు సోడియం వాల్‌ప్రోయేట్, నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రలు కంపెనీ ప్యాక్‌లోనే ఉండాలి.

డబ్బాలో పెట్టకూడనివి ఇంకో రెండున్నాయి. వాటి దగ్గర తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

మొదటిది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకుంటారు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. చీటీ మీద "బుధవారం" అని వారం పేరు పూర్తిగా రాయించుకోండి, విడి కవరులో ఉంచండి, క్యాలెండర్ మీద ఆ బుధవారాలన్నీ ముందే గుర్తు పెట్టుకోండి. ఎక్కువ పడిందని అనుమానం వస్తే ఒంట్లో బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది "నొప్పి వస్తే వేసుకో" అన్న మాత్రలు. వీటిలో చాలావాటిలో పారాసిటమాల్ దాక్కుని ఉంటుంది. అసిక్లోఫెనాక్ కలిసిన మాత్రలో సాధారణంగా 325 మి.గ్రా., ట్రమడాల్ కలిసినదానిలో 325. మొదటిది రోజుకు రెండు, రెండోది మూడు, వాటి మీద పారాసిటమాల్ 650 మాత్రలు నాలుగు వేసుకుంటే: 650, 975, 2600 కలిపి 4225 మి.గ్రా. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠం 4000. బరువు తక్కువున్నవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, మద్యం తాగేవాళ్లకు ఇంకా తక్కువ. వీటికి డబ్బా బదులు పట్టీ మీదే స్కెచ్ పెన్నుతో వేసుకున్న తేదీ, గంట రాయండి. వేసుకున్నానో లేదో తెలియనప్పుడు రెండోసారి వేసుకోవాలా వద్దా అన్నది ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. ఇన్సులిన్, ఫిట్స్ మందులు, రక్తం పలచబరిచే మందుల విషయంలో ముందే డాక్టర్ను అడిగి పుస్తకం అట్ట లోపల రాసుకోండి.

మనిషి తోడు

అన్నిటికంటే మంచిదీ ఇదే, త్వరగా అరిగిపోయేదీ ఇదే. భార్యో భర్తో రోజుకు పదిసార్లు గుర్తుచేస్తే రెండు వైపులా విసుగొస్తుంది. ఒక మనిషికి ఒక్క పని అప్పగించండి, ఏ మాటతో అడగాలో కూడా ముందే అనుకోండి. "మందు వేసుకున్నావా?" అన్న ప్రశ్న పనికిరాదు. అది జ్ఞాపకాన్నే అడుగుతోంది, జ్ఞాపకం అలవాటుగా "ఆఁ, వేసుకున్నా" అంటుంది. "మధ్యాహ్నం గది ఖాళీ అయిందా, చూడమ్మా" అని అడిగితే కళ్లు జవాబు చెబుతాయి.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో కూడా ఇది కుదురుతుంది. ఇక్కడ పొద్దున ఏడైతే అక్కడ ముందురోజు సాయంత్రమో రాత్రో. వీడియో కాల్‌లో డబ్బా చూపించడం ఒక నిమిషం పని. డాక్టర్ దగ్గరికి మాత్రం ఎప్పుడూ ఇంకొకర్ని తీసుకెళ్లండి. ఎవరూ లేకపోతే డాక్టర్ అనుమతి అడిగి మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

పొయ్యి, మోటారు, తాళాలు

ఇక్కడ గుర్తుపెట్టుకోవడం కంటే గుర్తు అవసరం లేకుండా చేసుకోవడం నయం. పాలు పెట్టి మర్చిపోయేవాళ్లకు టైమరుతో తనంతట ఆగే ఇండక్షన్ పొయ్యి మంచిది, దానికి అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నెలు కావాలి. గ్యాస్ మీదే వండితే పొయ్యి వెలిగించిన చేత్తోనే టైమరు పెట్టి దాన్ని మెడలోనో జేబులోనో ఉంచుకోండి, వంటింట్లో మోగితే పడకగదిలోకి వినబడదు. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే బదులు మొదటి విజిల్ తర్వాత నిమిషాలు పెట్టుకోవచ్చు. నీళ్ల మోటారుకు, ట్యాంకు నిండగానే దాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ ఎలక్ట్రీషియన్ బిగిస్తాడు. తాళాలకు తలుపు పక్కన ఒక కొక్కెం చాలు.

పని మధ్యలో ధ్యాస తప్పేవాళ్లకు

ఆఫీసు పని, చదువు ఉన్నవాళ్లు రెండు పద్ధతుల మధ్య ఊగుతారు: పని పూర్తయ్యేదాకా కూర్చోవడం, లేదా గడియారం ప్రకారం లేవడం. మేం గడియారం వైపే. నొప్పి భరించలేనంత అయ్యాక లేస్తే, ధ్యాస తిరిగి రావడానికి గంటలు పడుతుంది. రెండు మూడు రోజులు గమనించండి, నొప్పి పెరగడం ఎన్నో నిమిషానికి మొదలవుతోంది? ఇరవైకి అయితే పదిహేనుకే లేవండి. నాలుగైదు నిమిషాలు నిలబడి, నడిచి మళ్లీ కూర్చోండి. లేచే ముందు "తర్వాత చెయ్యాల్సింది ఇది" అని ఒక్క వాక్యం రాసిపెడితే తిరిగొచ్చాక మొదట్నుంచి వెతుక్కోనక్కర్లేదు. లెక్కలు, బ్యాంకు పనులు, ముఖ్యమైన ఫోన్లు నొప్పి తక్కువుండే వేళకు పెట్టుకోండి. ఆ వేళ ఏదో జేబు పుస్తకంలోని అంకెలు పదిరోజుల్లో చూపిస్తాయి.

మెదడు ఆటల యాప్‌లకు డబ్బు పెట్టాలా? మా సలహా వద్దనే. వాటితో ఆ ఆటలో నైపుణ్యం పెరుగుతుంది, మందు వేళ గుర్తుండటానికి అది పెద్దగా అక్కరకు రాదు. లుమోసిటీ అనే యాప్ కంపెనీ తప్పుదోవ పట్టించే ప్రకటనల ఆరోపణ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. సరస్వతి ఆకు లేహ్యాలు, జ్ఞాపకశక్తి టానిక్‌లు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పి తీరాలి, మగత మందులతో కలిస్తే మత్తు పెరగవచ్చు.

ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి

రోజుకు నాలుగు రకాలు దాటి మందులున్నవాళ్లు డబ్బాతో, దానికి రెండు అలారాలతో మొదలుపెట్టండి. వేళ్ల కీళ్లు పట్టేసినవాళ్లకు వాయిస్ మెసేజ్, నొక్కుడు మూతల డబ్బా. కంప్యూటర్ ముందు కూర్చునే నడుం నొప్పివాళ్లకు టైమరు, ఒక్క వాక్యం చీటీ. ఇల్లు నడిపే గృహిణికి గోడ క్యాలెండర్, మెడలో టైమరు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు డబ్బా, పొద్దుటి వీడియో కాల్. తమ జబ్బు ఆఫీసులో తెలియకూడదనుకునేవాళ్లకు పుస్తకం కంటే మోగకుండా వణికి మాత్రమే పిలిచే చేతి గడియారం నయం.

ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి. ఒక్కదాన్నే రెండు వారాల పాటు నడవనివ్వండి. ఆ రెండు వారాల్లో నొప్పి ఎక్కువున్న రోజులు కనీసం మూడు ఉండి, వాటిలో కూడా అది పనిచేస్తేనే రెండోది చేర్చండి. ఆ మూడు రోజుల్లోనూ పక్కన పడి ఉంటే లోపం మీది కాదు, సాధనంలో మెట్లు ఎక్కువున్నాయి. ఒక మెట్టు తీసెయ్యండి: పుస్తకంలో మూడు పనులు రాసేచోట ఒకటే రాయండి, నాలుగు అలారాల్లో మందుదొక్కటే ఉంచండి.